పచ్చడి సైటుకి పద్నాలుగు అంకెలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఆహార భద్రతా కమిషనర్లకు,



ఎండలు ముదిరే వేళకి మా ఇంటికి వచ్చే ఫోన్లలో సగం పచ్చళ్ల గురించే ఉంటాయి. విజయవాడలో ఉంటున్నాను కాబట్టి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో పచ్చడి పెట్టి అమ్మే ప్రతి ఇల్లూ నాకు తెలుసని చుట్టాల నమ్మకం. ఒక లింకు పంపించి "మావయ్యా, ఈ సైటు మంచిదేనా, డబ్బు కట్టొచ్చా?" అంటారు. ఆ ఇళ్లు నాకు తెలియవు. సైటుని చదవడం మాత్రం కాస్త పట్టుబడింది. అలా చదువుతుంటే తేలిన విషయం ఒకటుంది: కొనేవాడి అనుమానం తీర్చగల అసలు ఆధారం మీ కార్యాలయంలోనే ఉంది, కానీ అది అతని కంటికి ఆనడం లేదు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

ఇంటి పచ్చళ్ల సైటు ఏది తెరిచినా ముందుగా ఒక నాయనమ్మ ఎదురవుతుంది. నుదుట పెద్ద బొట్టు, ఒళ్లో జాడీ, వెనక అరటిచెట్టు. ఆ కింద కథ. ఆవిడ చేతి రుచిని ఊరంతా మెచ్చుకునేది, మనవడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఆ రుచిని దేశదేశాలకు పంపుతున్నాడు. అలాంటి నాయనమ్మలూ మనవళ్లూ నిజంగా ఉన్నారు, వాళ్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఈమధ్య ఆ బొమ్మల్లో కొన్ని కృత్రిమ మేధ గీసిపెట్టినవి. ఆవిడ చీరకట్టు ఏ జిల్లాదో పోల్చుకోలేం, గరిటె పట్టుకున్న తీరు చూస్తే వంటింటి గడప తొక్కినట్టే ఉండదు. కథలో ఊరి పేరుండదు, ఇంటిపేరుండదు. ఇంటిపేరు చెప్పకుండా మాట మొదలుపెట్టే తెలుగు నాయనమ్మని నేనింతవరకు చూడలేదు.

"1962 నుంచి" అనే మాట ఇంకొకటి. దీన్ని కాగితాలతో తేల్చడం కష్టం. జీఎస్టీయే 2017 జులై 1న వచ్చింది కాబట్టి ఆ నమోదు తేదీ పాత దుకాణం వయసు చెప్పదు. డొమైన్ పేరు ఎప్పుడు కొన్నారో చూసినా అంతే, అరవై ఏళ్ల దుకాణం నిరుడు సైటు పెట్టుకుని ఉండొచ్చు. కానీ అన్నేళ్ల దుకాణానికి ఒక వీధి ఉంటుంది, ఎదురుగా ఒక గుడో సినిమా హాలో ఉంటుంది, గూగుల్ మ్యాపులో ఎవరో దారినపోయేవాడు తీసిన పాత బోర్డు ఫోటో ఉంటుంది. ఇవేవీ లేకుండా అంకె ఒక్కటే ఉంటే దాన్ని అలంకారం కింద జమకట్టాలి.

అందమైన సైటు దేనికీ సాక్ష్యం కాదు. తయారుగా ఉన్న అచ్చులో పేర్లూ ఫోటోలూ నింపితే ఒక పూటలో దుకాణం తెరుచుకుంటుంది. నిజంగా పచ్చడి పెట్టేవాళ్ల సైట్లే తరచుగా చూడటానికి బాగుండవు. ఉగాది దాటిపోయినా సంక్రాంతి శుభాకాంక్షలు పైన కదులుతూనే ఉంటాయి. అక్షర దోషాలుంటాయి. ఫోన్ నంబరు మాత్రం పెద్దదిగా ఉంటుంది, చేస్తే యజమానే ఎత్తి "చేతులు కారంలో ఉన్నాయండీ, గంటాగి చేస్తారా?" అంటుంది. నా మట్టుకు నాకు ఆ ఒక్క మాట పది ధ్రువపత్రాల పెట్టు.

బ్రౌజర్లో సైటు చిరునామా పక్కన ఉండే తాళం గుర్తు గురించి కూడా చెప్పాలి, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ ఫోనుకీ ఆ సైటుకీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఇంకొకరు చదవలేరని చెప్పడమే దాని పని. అవతల ఉన్నవాడు దొంగైతే దొంగతో మీ సంభాషణ భద్రంగా సాగుతుంది, అంతే. ఆ ధ్రువపత్రం ఉచితంగా దొరుకుతుంది. జనం దాన్ని నిజాయితీ ముద్రగా పొరబడుతున్నారనే 2023లో గూగుల్ క్రోమ్ ఆ తాళం బొమ్మని తీసేసింది.

పచ్చడి తెలిసినవాళ్లకి సైటు దొరికిపోయేది ఫోటోల దగ్గర. ఆవకాయ ముక్కకి టెంక ఉండాలి. కాయని టెంకతో సహా కొట్టించి, లోపలి జీడి తీసేసి, పొర తుడిచి, ఆవపిండీ కారం ఉప్పూ నూనె కలిపి జాడీకెత్తి, మూడో రోజున తిరగకలిపితే అది ఆవకాయ. టెంక లేని ముక్కలు, వాటి మీద సోంపు గింజలు, నల్లజీలకర్ర తేలుతున్న ఫోటో ఉత్తరాది అచారుది. దాన్ని పెట్టి కింద "గోదావరి ఆవకాయ" అని రాసినవాడు ఆవకాయ తినకపోయి ఉండాలి, లేదా కొనేవాడు తినలేదని అనుకుని ఉండాలి. ఆ ఫోటోని గూగుల్ లెన్స్‌లో వేస్తే అదే సీసా, అదే చెంచా ఇంకెన్నో సైట్లలో తేలుతుంది. చేతిలో ఫోను లేనివాళ్లు లేని ఈ రోజుల్లో సొంత సరుకుని సొంతంగా ఫోటో తీయలేదంటే సరుకు అతని దగ్గర ఉందా అనే అనుమానం రావడం సహజం.

తర్వాత చూడాల్సింది కాలం. ఆవకాయ, మాగాయ ఎండాకాలానివి. కార్తీకంలో ఉసిరికాయ, చలి ముదిరాక చింతకాయ, సంక్రాంతి అటూ ఇటూగా పండుమిరపకాయ. గోంగూరకి మాత్రం కాలంతో పనిలేదు. డిసెంబరులో ఒక సైటు "తాజా ఆవకాయ, ఈ వారమే కలిపాం" అంటే అది అబద్ధమైనా కావాలి, లేదా ఉప్పునీళ్లలో నిలవ చేసిన ముక్కతో కలిపిందైనా కావాలి. ఉప్పునీటి ముక్క వాడటం తప్పేమీ కాదు, పెద్ద కంపెనీలు ఏడాది పొడవునా చేసేది అదే. ఆ మాట చెప్పి అమ్మితే పేచీ లేదు. నేను చుట్టాలకి ధైర్యంగా చెప్పే సైట్లలో సగం పచ్చళ్ల ఎదురుగా "అయిపోయింది, మళ్లీ వేసవిలోనే" అని ఉంటుంది. చిన్న వంటింటికి ఒక హద్దుంటుంది. ఏడాదంతా అన్నీ అందుబాటులో, అన్నీ తాజాగా ఉండే వంటిల్లు ఇల్లు కాదు, గోదాము.

ధర దగ్గర కూడా కాస్త కూడికలు చేయాలి. గానుగ నువ్వులనూనె తప్ప వాడం అని రాసి, ఆ నూనె కిలో ధర కంటే కిలో పచ్చడి చవగ్గా ఇస్తుంటే మిగతా ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది? వేరుశనగనూనెతో పెట్టినా పచ్చడే, పత్తిగింజల నూనెతో పెట్టినా పచ్చడే. పేరు మార్చి అమ్మినప్పుడే అది మోసం. అలాగే మొదటి పేజీలో "ప్రిజర్వేటివ్‌లు లేవు" అని పచ్చటి ఆకు బొమ్మ. సీసా వెనక లేబుల్ ఫోటోని పెద్దది చేసి చూస్తే సన్నని అక్షరాల్లో ఐఎన్ఎస్ 211. అది సోడియం బెంజోయేట్, వేసేదే నిలవ కోసం. అనుమతించిన మోతాదులో వేస్తే చట్టం ఒప్పుకుంటుంది. వేసి లేదనడాన్ని ఏ చట్టమూ ఒప్పుకోదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 53వ సెక్షన్ ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉందని మీకు నేను చెప్పనక్కర్లేదు. వెబ్‌సైటు కూడా ప్రకటనేనని ఆ వ్యాపారులకి ఎవరైనా చెప్పారా అన్నదే నా సందేహం.

సమీక్షల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. అందరూ ఐదు నక్షత్రాలే ఇచ్చి, అందరూ "అమ్మ గుర్తొచ్చింది" అని రాసి, అన్నీ ఒకే వారంలో వచ్చి ఉంటే ఆ అమ్మ ఒక్కతే అయి ఉంటుంది. నిజంగా కొన్నవాడు "రుచి బాగుంది, ఉప్పు కాస్త ఎక్కువైంది, మూత దగ్గర నూనె కారింది" అని రాస్తాడు. పార్శిల్లో నూనె కారడం ఈ వ్యాపారానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒక్కరి సీసా కూడా కారని సైటు ఇంకా ఎవరికీ పచ్చడి పంపి ఉండదు. ఆన్‌లైన్ సమీక్షలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెప్పే ప్రమాణం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చింది, ఐఎస్ 19000 అని. పాటించడం వ్యాపారి ఇష్టం. "ఇంకా తొమ్మిది నిమిషాలే ఈ ధర" అని పరిగెత్తే గడియారం మాత్రం ఎవరి ఇష్టానికీ వదల్లేదు. 2023 నవంబరు 30న కేంద్రం నోటిఫై చేసిన మార్గదర్శకాలు నిషేధించిన 13 రకాల మాయల్లో దొంగ తొందర మొదటిది. పేజీ మూసి మళ్లీ తెరవండి, గడియారం మళ్లీ తొమ్మిది దగ్గరే ఉంటే ఇంక ఆ సైటులో చదవాల్సిందేమీ లేదు.

చదవాల్సినవి ఎవరూ చదవని పేజీలు, అడుగున ఉండే నిబంధనలు. ఒక పచ్చళ్ల సైటులో "తొడగని, ఉతకని, ట్యాగు తీయని వస్తువులనే వాపసు తీసుకుంటాం" అని చూసి నవ్వాపుకోలేకపోయాను. బట్టల దుకాణం నుంచి ఎత్తుకొచ్చి అతికించిన మాటలవి. నిజమైన పచ్చడి వ్యాపారి అక్కడ "తిండి వస్తువు కాబట్టి వెనక్కి తీసుకోలేం, సీసా పగిలినా కారినా పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసి వాట్సాప్ చేయండి, వేరేది పంపుతాం" అని రాస్తాడు. అందులో గీసుకున్న గిరి ఉంది, అందుకే నమ్మబుద్ధవుతుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం ఒక ముక్క. అమెరికాకి అమ్మకపు ఆహారం పంపాలంటే అక్కడి ఆహార, ఔషధ సంస్థకి ముందుగా తెలియజేయాలి, 2002 నాటి చట్టం అది. ఇంట్లో సొంతంగా వండి ఒక మనిషి ఇంకో మనిషికి పంపుకునే కానుకకి మాత్రం మినహాయింపు ఉంది. డబ్బు తీసుకుని అమ్మిన పార్శిల్ మీద "ఇంటి వంట, కానుక" అని రాసి పంపుతామని గొప్పగా చెప్పుకునే వ్యాపారి కస్టమ్స్‌తో ఆడిన అబద్ధం మీతో మాత్రం ఆడడని ఎలా అనుకుంటారు?

ఇప్పుడు అసలు విషయం. ఇంతవరకు నేను చెప్పినవి పచ్చడి ఎరిగినవాళ్ల గుర్తులు. డల్లాస్‌లో పుట్టిన పిల్లకి టెంక గురించి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆమెకి కావలసింది ఎవరైనా సరిచూసుకోగల ఆధారం. అది ఉంది: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారి నమోదు. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కి 01, తెలంగాణకి 36. కేంద్ర లైసెన్సయితే 00. ఆ పక్క రెండూ సంవత్సరం. "గుంటూరులో మా పెరట్లో కలిపిన పచ్చడి" అన్న సీసా మీద రాష్ట్రం అంకెలు 07 ఉంటే అది గుజరాత్‌లో తయారైంది. ఆ సంస్థ నడిపే ఫోస్కోస్ పోర్టల్లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున, ఏ చిరునామాకి ఇచ్చారో, ఇప్పుడు చెల్లుతోందో లేదో కనిపిస్తుంది. జీఎస్టీ నంబరు కూడా ఇలాగే నోరు విప్పుతుంది. తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37తో మొదలవుతుంది. ఆరో అక్షరం పి అయితే అది ఒక వ్యక్తి వ్యాపారం, సి అయితే కంపెనీ. "ప్రైవేట్ లిమిటెడ్" అని బోర్డు పెట్టుకున్న సైటు నంబరులో పి కనిపిస్తే ఏదో ఒకటి అబద్ధం.

వేరే చోట తయారుచేయించి తన పేరుతో అమ్మడం నేరం కాదు. లేబుల్ మీద తయారుచేసినవారు ఒకరు, అమ్మేవారు ఒకరు అని రెండు వరుసలు ఉండేది అందుకే. ఆ రెండు వరుసల్నీ సైటులో కూడా చూపించి నాయనమ్మని కాస్త పక్కన కూర్చోబెడితే ఏ గొడవా ఉండదు.

చట్టాలకి కొదవలేదు. తిండి వస్తువు అమ్మేవారు ఇంట్లో వండినా సరే నమోదు కావాల్సిందే. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద ఆ 14 అంకెలు వేయాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటులో వ్యాపారి అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. తూనికలు కొలతల శాఖ నిబంధనలు 2018 జనవరి నుంచి తయారీదారు పేరు, నికర బరువు, ఎమ్మార్పీ తెర మీదే చూపించమంటున్నాయి. ఆచరణలో నేను చూస్తున్నది వేరు. నంబరు ఎక్కడో పేజీ అట్టడుగున బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది. లేదా ఆ సంస్థ గుర్తు బొమ్మ ఉండి నంబరుండదు. బిల్లు మీద నంబరు బాగానే ఉంటుంది, కానీ బిల్లు చేతికొచ్చేది డబ్బు వెళ్లిపోయాక.

మీ సిబ్బంది రేపు కొరడా పట్టుకుని బయల్దేరితే ముందు దొరికేది ఎవరో నాకు తెలుసు. దొంగ సైటు దొరకదు, దానికి చిరునామాయే లేదు. దొరికేది పెరవలి మండలం ఉసులుమర్రు లాంటి ఊళ్లలో, రాజమండ్రి సందుల్లో నలుగురు ఆడవాళ్లని పెట్టుకుని పచ్చడి కలిపే మనిషి. ఆమె ఇంటి చిరునామా సైటులో పెట్టకపోవడానికి కారణం ఉంది. భర్త ఊళ్లో లేనప్పుడు తెలియనివాళ్లు గుమ్మంలోకి వస్తారేమోనన్న భయం. ఫోన్ నంబరు పెట్టినందుకే అర్ధరాత్రి వాట్సాప్ పిలుపులు భరిస్తున్నవాళ్లున్నారు. పేరూ చిరునామా బాహాటంగా పెట్టమనే నిబంధన కంపెనీకి సులువు, ఒంటరి ఆడమనిషికి కష్టం. అలాంటివారికి ఊరి పేరు, నమోదు నంబరు, పనివేళల్లో ఎత్తే ఫోను చాలనాలి. పూర్తి చిరునామా మీ దగ్గర ఉంటుంది, అవసరమైన రోజున మీరు వెళ్లగలరు. నిజానికి నమోదు అనేది ఉన్నది ఇందుకే: కొనేవాడి తరఫున మీరు ఆ ఇల్లు చూసి ఉంచడానికి. ఆమెకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది: యూపీఐలో డబ్బు పంపేటప్పుడు దుకాణం పేరు బదులు ఆమె సొంత పేరు కనిపించి కొనేవాళ్లు బెదిరిపోతున్నారు. "డబ్బు ఫలానా పేరున వెళ్తుంది" అని సైటులో ముందే ఒక వాక్యం రాసుకోమని చెప్పేవాళ్లు లేక అలా జరుగుతోంది.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. డబ్బు కట్టే బటన్‌కి పైన, ధర ఎంత సైజులో ఉందో అంత సైజులో, ఆ 14 అంకెలు ఉండి తీరాలని రెండు రాష్ట్రాల్లోనూ ఉత్తర్వు ఇవ్వండి. దాన్ని నొక్కితే నమోదు వివరాలు తెరుచుకోవాలి, తెలుగులో కూడా. పోర్టల్ ఢిల్లీ చేతిలో ఉందని తెలుసు, ఆ మాట ఢిల్లీకి రాయాల్సింది మాత్రం మీరే. మీ చేతిలో ఉన్నది జిల్లాల్లోని డిజిగ్నేటెడ్ ఆఫీసర్లు. వేసవికి ముందు ఒక్కో జిల్లాలో పచ్చళ్లు, పూతరేకులు, సున్నుండలు చేసి అమ్మే ఇళ్లవాళ్లని పిలిచి, అక్కడికక్కడే నమోదు చేయించండి. చిన్న వ్యాపారి నమోదు రుసుము ఏళ్లుగా ఏడాదికి 100 రూపాయలే, అడ్డు వచ్చేది డబ్బు కాదు, మధ్యవర్తి. లేబుల్ ఎలా రాయాలో, సైటులో ఏం పెట్టాలో ఒక కాగితం మీద తెలుగులో అచ్చేసి ఇవ్వండి. జరిమానాలు ఆ తర్వాత మొదలుపెట్టండి, అదీ అబద్ధపు నంబరు వేసినవాళ్లతో, ఇంకొకరి నంబరు వాడుకున్నవాళ్లతో.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బందరు లడ్డుకి 2017లోనే వచ్చింది. ఆ పేర్లు వాడుకునే హక్కు ఎవరికి ఉందో కూడా ఆ నమోదు వివరాల పేజీలోనే కనిపించేలా చేయగలిగితే ఊరి పేరు దొంగతనం కూడా కొంత తగ్గుతుంది. ఇది మీ ఒక్కరి పని కాదు, పరిశ్రమల శాఖతో మాట్లాడాలి.

ఈ వేసవిలో మామిడికాయ కొట్టడం మొదలయ్యేలోపు కనీసం ఆ మొదటి ఉత్తర్వు ఇప్పించమని మనవి.

ఈ లేఖ చదువుతున్న కొనుగోలుదారులకి ఒక మాట: కట్టిన డబ్బు మోసగాడి చేతికి వెళ్లిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయండి. సరుకు గురించి, సేవ గురించి ఫిర్యాదైతే 1915.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక వినియోగదారు